మురుగు పైపుకి గంజి పెట్టాం వదినా

గవర్నర్‌పేట,
విజయవాడ.

వదినకి,

నాగమణి నమస్కారాలు. మేమిద్దరం ఇక్కడ కులాసాగానే ఉన్నాం. ఆయన చేతివేళ్ళు తప్ప ఒంట్లో అన్నీ బాగున్నాయి. వేళ్ళ సంగతి కిందికి వచ్చాక చెబుతాను, ఇప్పుడే అన్నయ్యని పిలిచి కంగారు పెట్టకు. అన్నయ్య మోకాలి నొప్పి తగ్గిందా? పెద్దనాన్న మందులు వేళకి వేసుకుంటున్నారా? పిల్లలు బడికి పేచీ పెట్టకుండా వెళుతున్నారా?

ఫోన్ చేస్తే మీ మగ్గాల చప్పుడులో నీకు సగమే వినపడుతుంది. మిగతా సగం నువ్వే కల్పించి పెడన అంతా చెబుతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరిగ్గా చదువుకో.

కర్రీ పాయింట్ బాగా నడుస్తోంది వదినా, బెంగ పెట్టుకోవద్దు. పొద్దున్నే పప్పు, పులుసు, రెండు వేపుళ్ళు, గోంగూర పచ్చడి చేస్తున్నాను. మధ్యాహ్నమయ్యేసరికి ఆఫీసుల వాళ్ళు, లాడ్జీల్లో దిగినవాళ్ళు వచ్చేస్తారు. దొండకాయ వేపుడు అందరికంటే ముందు అయిపోతుంది. ఎండ సంగతి చెప్పక్కర్లేదు, పొయ్యి దగ్గర ఉన్నా వీధిలో ఉన్నా ఒకటే. వచ్చిన కొత్తలో మగ్గం చప్పుడు లేక మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు. ఇప్పుడు ఆటోల హారన్లకి హాయిగా నిద్రపోతున్నాను.

ఆ కొత్తలో నాకు తోడు రాజ్యలక్ష్మి పిన్నిగారు ఒక్కరే. ఈ ఇల్లు ఆవిడదే. ముందు వాటాలో ఆవిడ ఉంటారు, సందువైపు గదులు మాకిచ్చారు. ఇంత ఊళ్ళో నన్ను ‘అమ్మాయ్’ అని పిలిచే మనిషి ఆవిడే. మిగతావాళ్ళందరికీ నేను కర్రీ పాయింట్ ఆవిడని.

గదులు ఇచ్చేటప్పుడు ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టారు. “అమ్మాయ్, మీ పైపూ మా పైపూ ఒకటే. సింకు కింద జిడ్డు తొట్టి పెట్టుకుని శుభ్రంగా ఉంచుకుంటానంటేనే తాళం చేతికిస్తా” అన్నారు. ఇక్కడ దాన్ని గ్రీజ్ ట్రాప్ అంటారు. పెద్ద విచిత్రమేం కాదు. గిన్నెలు కడిగిన నీళ్ళు ఆ స్టీలు తొట్టిలో కాసేపు నిలిస్తే నూనె పైకి తేలుతుంది, నీళ్ళు అడుగు నుంచి కాలవకి పోతాయి. తేలిన జిడ్డుని మనం వారం వారం తోడి పారెయ్యాలి.

ఆ తోడడం దగ్గరే వచ్చింది తంటా. అద్దకం గోలేల్లో మోచేతులదాకా ముంచిన మనిషి మా ఆయన. ఈ తొట్టి మూత తీస్తే మాత్రం ముక్కు మూసుకుని వీధి చివరికి వెళ్ళి నిలబడతారు. అలాంటి మనిషికి ఒకాయన నీలం మందు డబ్బా అమ్మి వెళ్ళాడు. కొట్టు కట్టేటప్పుడు మూతెడు పోస్తే పొద్దున్నకల్లా జిడ్డు మాయమవుతుందట, ఇంక చెయ్యి పెట్టే పనే లేదట.

నిజంగానే మాయమైంది వదినా! మూత తీస్తే నీళ్ళు తేటగా ఉన్నాయి, నిమ్మకాయ వాసన కూడానూ. ఆయన ఏదో తానే కనిపెట్టినట్టు మురిసిపోయారు. నేనేం తక్కువ తిన్నానా? వేడి తగిలితే జిడ్డు ఇంకా బాగా కరుగుతుందని, పొద్దున అన్నం వార్చిన గంజిని పొగలు కక్కుతుండగా ఆ సింకులోనే పోస్తూ వచ్చాను.

కొన్నాళ్ళకి నిమ్మకాయ వాసన పోయి, మునుపెప్పుడూ లేని కంపు మొదలైంది. మురుగుని అరిగించే మంచి క్రిములు కూడా ఆ మందుకి చస్తాయని తర్వాత తెలిసింది. తొట్టి మూతకున్న రబ్బరు మెత్తబడి చేతికి అంటుకుపోయింది. మందు తగిలి ఆయన వేళ్ళమీద తోలు ఊడింది. కొబ్బరినూనె రాస్తున్నాం, ఇప్పుడు చాలావరకు తగ్గింది. అయినా ఆయన కంపుకి విరుగుడుగా ఇంకో మూతెడు ఎక్కువ పోశారు!

ఇంతలో పిన్నిగారి మనవరాలి ఓణీల ఫంక్షన్ వచ్చింది. పెరట్లో కుర్చీలు వేశారు, చుట్టాలు దిగారు. సరిగ్గా అప్పుడే ఆ పెరట్లోని మురుగు చాంబరు పొంగింది. పట్టుచీరల మధ్యకి మా వంటింటి నీళ్ళు వచ్చాయి. పిల్ల కొత్త పరికిణీ అంచు తడిసి ఏడ్చింది. పిన్నిగారు కేకలేస్తే కాళ్ళు పట్టుకుందామని పరుగెత్తాను. ఆవిడ కేకలెయ్యలేదు.

“నాగమణి గారూ, మీ వంటింటి నీళ్ళు మా పెరట్లోకి వచ్చాయండీ. కాస్త చూడండి” అన్నారు.

గారు! అండీ! పదిమందిలో చెంప మీద కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు వదినా. గదులు ఖాళీ చెయ్యమంటారేమో అని ఆయన భయం. అమ్మాయ్ అని ఇంకెవరు పిలుస్తారు అని నా ఏడుపు.

పైపులు బాగుచేసే మనిషిని పిలిపించి పైపు కోయించాం. లోపల తెల్లగా, పలకలా గట్టిగా ఏదో పట్టింది. “ఏంటండీ ఇది, సిమెంటా?” అన్నాడతను. ముక్క విరిచి వేళ్ళతో నలిపాను. వదినా, నువ్వయితే కళ్ళు మూసుకుని చెబుతావు. గంజి, నూనె! పొద్దున్నే వీధిలో పడుగు నూలు చాపి మనం పెట్టేది అదే కదా. మందు నూనెని మాయం చెయ్యలేదు, తొట్టిలో ఆగకుండా నీళ్ళతోపాటు కిందికి జారిపోయేట్టు చేసింది, అంతే. అక్కడ మందు పలచబడి, చల్లారి, నూనె పైపుకి పట్టుకుంది. దానిమీద నేను రోజూ గంజి పోశాను. నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టి, పిన్నిగారి మురుగు పైపుకి వరస తప్పకుండా గంజి పెట్టానన్నమాట! ఏడుస్తున్నదాన్ని కాస్తా నవ్వడం మొదలుపెట్టాను. ఆయనకి నాకేమైందో అర్థం కాలేదు.

డబ్బా తిరిగిచ్చేశాం. ఇప్పుడు మూకుళ్ళు ముందు కాగితంతో తుడిచి కడుగుతున్నాం. గంజి చల్లార్చి పాలాయన గేదెలకి ఇస్తున్నాను. తొట్టి వారం వారం నేనే తోడుతున్నాను. వేళకి తోడి ఉంచితే అనుకున్నంత కంపేమీ ఉండదని ఆయన ఇప్పుడు అందరికీ చెబుతున్నారు, తాను మాత్రం ఒక్కసారి కూడా తోడరు. అన్నయ్య పడుగుకి వాడి పక్కన పడేసిన పాత గంజి కుంచె ఏదైనా ఉంటే ఎవరితోనైనా పంపించు, తొట్టి మూలలు గీకడానికి పనికొస్తుంది. ఎందుకని అడిగితే మాత్రం అన్నయ్యకి చెప్పకు, జన్మంతా ఎగతాళి చేస్తాడు.

పిన్నిగారికి రోజూ గోంగూర పంపుతూనే ఉన్నాను. “థాంక్సండీ” అని తీసుకునేవారు. నిన్న నేను చిల్లుల గరిటెతో జిడ్డు తోడుతుంటే ఆవిడే సందులోకి వచ్చారు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కాసేపు చూశారు.

“అలా కాదు అమ్మాయ్, గరిటె ఇటు వంచు. అదంతా మళ్ళీ లోపలే పడుతోంది” అన్నారు.

గరిటె ఎలా వంచాలో నాకు బాగా తెలుసు వదినా. అయినా ఇంకోసారి తప్పుగా వంచాను.

పెద్దనాన్నకి, అన్నయ్యకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. మా ఇద్దరినీ మీరంతా మనసారా దీవించండి.

ఇట్లు,
నీ ఆడపడుచు
నాగమణి