గోడ మీది పెట్టె, పైయింటి తీగ

నా భార్య మంగళవారం మధ్యాహ్నం పోయింది. ఆ ఉదయం గాలికి కొమ్మ విరిగి పడి, వీధి మొదట్లోని స్తంభం నుంచి మా సందుకు వచ్చే నెట్ లైను తెగింది. మేం పల్లంలో ఉంటాం. సెల్‌ఫోన్ సిగ్నల్ ఎప్పుడూ లేదు. వేరే ఊళ్లో మంచాన ఉన్న వాళ్ల అక్కను లాప్‌టాప్‌లో ఒకసారి చూస్తానంది. కాసేపాగి మళ్లీ అంది. నేను లైన్‌మన్ కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాను.

మంచంలో ఉన్న నా భార్యకు గౌను వదులు చేసి తెచ్చిన పైయింటి సూదమ్మ సంగతి విని వెనక్కి వెళ్లింది. ఆవిడ బట్టలు కుట్టి బతుకుతుంది; ఆ పేరు సందు పెట్టింది. ఆవిడ నెట్ వేరే లైనుది, తెగలేదు. తన ఇంటి నుంచి తీగచుట్ట విప్పుకుంటూ వాలు దిగి, మా పడకగది కిటికీలోంచి కొస లోపలికి అందించింది. లాప్‌టాప్‌కు తగిలించాం. తీగ మంచం దాకా రాలేదు. నేను అలవాటు కొద్దీ, "ఎంతివ్వమంటారు?" అన్నాను. "ముందు మంచం అటు పట్టండి సార్" అంది.

పట్టాను. మంచం కిటికీ దగ్గరికి జరిపాం. తెర మీద అక్కగారు కనిపించి, "ఏమే, జడైనా వేసుకోలేదేం?" అంది. "నువ్వొచ్చి వెయ్యి" అంది నా భార్య. నవ్వింది కూడా. ఆ తర్వాత ఎంతోసేపు లేదు.

అందువల్ల ఈ వీలునామా.

నేను కళాశాలలో గణితం చెప్పి రిటైరైనవాణ్ణి. ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి నా చేత్తో రాస్తున్నాను. బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు గారు తేల్చారు. మిగతాది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇంతకుముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు. దీన్ని అమలు చేసే బాధ్యత మా సందులోని కోర్టు గుమాస్తా గారిది.

1. ఇల్లు, ఇంట్లోని సామాను నా కూతురికి, సర్వహక్కులతో. అయితే వీధి వైపు గోడకున్న నెట్ పెట్టె, అది ఆనిన మేర గోడ, అక్కడికి వచ్చిపోయే దారి ఇందులోకి రావు.

2. సదరు పెట్టె, గోడ, దారి సందులోని ఆరు ఇళ్లకూ ఉమ్మడిగా. వాడుకున్నందుకు ఎవరూ ఎవరి దగ్గరా అద్దె తీసుకోరాదు. కారణం రాయాలి.

స్తంభం నుంచి ఒకే లైను మా గోడ దాకా తెచ్చి, అక్కణ్ణుంచి మిగతా ఇళ్లకు పంచుకుందామనుకున్నాం. ఖర్చు ఎలా పంచాలో చెప్పమని నన్నే అడిగారు. ఇళ్లు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నట్టు ఊహించి, ఏది చేరితే ఖర్చు ఎంత పెరుగుతుందో చూశాను. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరసలన్నీ వేసి సగటు తీశాను. ఆ సగటే వాటా. సూదమ్మ ఇల్లు దూరం. ఏ వరసలో వచ్చినా పొడవాటి తీగను వెంటేసుకునే వచ్చేది. మాది నడిమి ఇల్లు. అది చేరితే మిగతావాళ్లకు దారి తగ్గేది. ఆవిడ వాటా అందరికంటే ఎక్కువ, నాది దాదాపు సున్నా. విడిగా వేసుకుంటే ఎవరికైనా ఇంతకంటే ఎక్కువే అవుతుందని, కాబట్టి ఎవరూ విడిపోరని వరండాలో బోర్డు మీద నిరూపించాను. ఆవిడ చివరిదాకా నిలబడి విని, "నా వల్ల కాదు లెండి" అని పైకి వెళ్లిపోయింది. వెనక వీధిలో తాను బట్టలు కుట్టిచ్చే కొట్టు నుంచి తీగ లాక్కుంది. "దారం లాక్కున్నట్టు లాక్కోవమ్మా" అన్నాడట కొట్టతను. ఆ దారి నా బోర్డు మీద లేదు.

వంటింట్లో నా భార్య అడిగింది: "అన్ని వరసలూ వేశారు. నిజంగా జరిగిన వరస ఏదండీ?" నిజంగా జరిగినదానిలో సూదమ్మ మొదటిది. సందులో అందరికంటే ముందు కట్టిన ఇల్లు ఆవిడదే. మా పునాదికి పోసిన నీళ్లు ఆవిడ కుళాయివే. అది లెక్కలోకి రాదన్నాను. ఆమె గరిటె కడుక్కుంది. నెగ్గాననుకున్నాను.

వేసినంత వరకు లెక్క సరైనదే. సిగ్గు అక్కడే.

పైయింటికి లైను నా సొమ్ముతో వేయాలి, ఆవిడ ఒప్పుకుంటేనే.

3. నా తమ్ముడికి నా గొడుగు. ఎన్నో ఏళ్లుగా అతని దగ్గరే ఉంది. ఇకమీదట చట్టప్రకారం అతనిది. "పెట్టె మన గోడకుంది అన్నయ్యా, నెలనెలా గుంజొచ్చు" అని చావింట్లో నా చెవిలో అన్నాడు. కోప్పడదామంటే ముఖం చెల్లలేదు. నేను నేర్పిందే.

4. నా భార్య అక్కగారికి చెల్లెలి దువ్వెన. వెంట్రుకలు తీయలేదు.

5. సూదమ్మకు మెడ వంగే దీపం, సూదిలో దారం ఎక్కించుకోవడానికి. నా భార్య ఇచ్చిందని చెప్పాలి. నేనని చెప్పవద్దు.

6. బోర్డు కళాశాలకు. తుడిచాను.

7. లైన్‌మన్ ఇవాళ వచ్చి మా లైను బాగుచేశాడు. సూదమ్మ తీగ ఇంకా మా కిటికీలోనే ఉంది, రెక్క మూయలేదు. రేపు ఉదయం దాన్ని చుట్టచుట్టి పైకి తీసుకెళ్తాను. పెట్టె నుంచి మీ ఇంటికి లైను వేయనిస్తారా అని గుమ్మం బయట నిలబడి అడుగుతాను. ఎంతవుతుందన్న మాట ఎత్తను.

తేదీ: ఆమె పోయిన వారానికి, మంగళవారం.

సంతకం: ఈ ఇంటి యజమాని.

సాక్షులు: చివరిదాకా ఆమెకు వైద్యం చేసిన డాక్టరు గారు, నిచ్చెన దిగి, చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టిన లైన్‌మన్.