మట్ట చాటు పూత

ఆగస్టు 3

వాన దంచి కొడుతోంది. తోటలో గెలల్లేవు. ఏ పామాయిల్ చెట్టు చూసినా మగ పూతే. లారీ సగం కూడా నిండలేదు. డ్రైవర్ నన్ను చూసి జాలిపడ్డాడు. తిట్టినా పడతాను గానీ జాలి పడితే ఒళ్ళు మండుతుంది.

ఆగస్టు 5

అన్నయ్య భోజనాల దగ్గర తేల్చేశాడు. ఇంత వానకు కూడా కాయని చెట్లు ఇంకెప్పుడు కాస్తాయట. తోట చూసుకోవడం నాకు చేతకాలేదట. ప్రొక్లెయిన్ పెట్టి తోటంతా పీకించేస్తాడట. పొలం నాన్న పేరు మీద ఉంది కాబట్టి ఆయన ఊ అనాలి. నాన్న ప్లేటులోకి చూస్తూ కూర్చున్నారు.

నేను ఒప్పుకోనన్నాను. ముందటేడు చినుకు లేదు. ఆ ఎండకు చెట్టు లోలోపల మగ పూత వేసుకుంది. అదే ఇప్పుడు బయటపడింది. పోయినేడు నుంచి వానలు బాగున్నాయి, అంటే ఆడ పూత లోపల ఉండే ఉండాలి. అదొస్తేనే గెల. వానైనా ఎండైనా ఈ చెట్టు జవాబు చెప్పడానికి రెండేళ్ళు పడుతుంది. అన్నయ్యకూ తెలుసు. ఓపిక లేదు, అంతే.

ఈ చెట్లకూ మీ అన్నయ్యకూ ఒకటే జబ్బు, చెప్పిన పని రెండేళ్ళకు గానీ చెయ్యరని వదిన అంది. నేనొక్కదాన్నే నవ్వాను.

ఆగస్టు 8

ఎల్లుండి ప్రొక్లెయిన్ వస్తుంది. నాన్న ఊ అనలేదు, ఊహూ అనలేదు. అన్నయ్య దాన్ని ఊ కింద జమ వేసుకున్నాడు.

ఆగస్టు 9, పొద్దున

నోటిమాట చాలదు. ఒక చెట్టు కోసి లోపలి పూత చూపిస్తానన్నాను. నేను ఏరుకున్నానని రేపు అనకుండా, చెట్టు అన్నయ్యనే చూపించమన్నాను.

మోటార్ షెడ్డు పక్కది చూపించాడు. నేను నా చేత్తో నాటిన మొదటి మొక్క అది. తనకు తెలుసు. నేను వెనక్కి తగ్గుతాననుకున్నాడు.

సాయంత్రం

గెలలు కోసే మేస్త్రి ఇదేనా అమ్మా అని రెండుసార్లు అడిగాడు. ఇదే అన్నాను.

చెట్టు పడ్డాక మట్టలు ఒక్కొక్కటే విడదీశాడు. ప్రతి మట్ట మొదట్లో ఒక పూత దాక్కుని ఉంటుంది. పైది మగది. తర్వాతిదీ మగదే. ఆ తర్వాతిదీ. అన్నయ్య గొడుగు చెయ్యి మార్చుకున్నాడు. అనవసరంగా చెట్టును చంపుకున్నానేమో అనిపించింది. ఆపమని నోటిదాకా వచ్చింది. కానివ్వమన్నాను.

నడిమధ్య లేత మొవ్వుకు దగ్గరవుతుండగా అరచేతిలో పట్టేంత మొగ్గ దొరికింది. మేస్త్రి చీల్చి నా చేతిలో పెట్టాడు. లోపలంతా సన్నటి ముళ్ళు. ముళ్ళుంటే ఆడది. దాని లోపలి మట్టలోదీ ఆడదే. ఇంకా లోపలిదీ. ఆ తర్వాతవి మరీ చిన్నవి, కంటికి ఆనవు.

నాన్న వానలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఒక మొగ్గ తీసుకుని జేబులో వేసుకున్నారు. ప్రొక్లెయిన్ వాడికి రావద్దని ఫోన్ చెయ్యమన్నారు.

ఒక్క చెట్టును చూసి తోటంతా ఎలా నమ్ముతామని అన్నయ్య గొణిగాడు. ఇంకోటి చూపించు, అదీ కోస్తానన్నాను. మేస్త్రి చేతిలో గొడ్డలి అందుకున్నాను. ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 10

ఏడ్చాను. చెట్టు కోసం. భయపడి కాదు.

మరుసటి ఏడు, అక్టోబరు 2

గెలలే గెలలు. లారీ రెండు ట్రిప్పులు వేసింది.

ఈ ఏడు వాన మొహం చాటేసింది. బోరు కూడా దగ్గుతోంది. అన్నయ్య మాత్రం ఎవరు కనబడినా ఆపి చెబుతున్నాడు, ఈ చెట్లకు అసలు నీళ్ళే అక్కర్లేదట. తోట చూసుకోవాలంటే మా చెల్లెలి తర్వాతే ఎవరైనా అట. పోయినేడు తిట్లు నావి కావు, ఈ ఏడు పొగడ్తలూ నావి కావు. ఆ మాటే మొహం మీద చెప్పాను. ఇంత కాపు చూసి కూడా ఈ చిరాకేంటని వదిన విసుక్కుంది.

అక్టోబరు 3

ఒక మంచి చెట్టు చూసి సున్నంతో గుర్తు పెట్టి వచ్చాను. ఈ ఎండకు జవాబొచ్చే రెండేళ్ళకు అన్నయ్య కోసం మళ్ళీ కోయాల్సి వస్తుంది.