మోత ఆగిన బ్రేకు

మార్చి 3, ఆదివారం

షుగర్ గీత దాటలేదు, గీత మీద నిలబడి ఉంది. రిపోర్టు మా ఆవిడే తెచ్చింది. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం తనది. నా చేతికి సూది గుచ్చింది కూడా తనే. కాగితం నా ముందు పెట్టి, నడుస్తారా, పరిగెడతారా, ఏదో ఒకటి తేల్చుకోండి అంది.

నాకు నలభై ఒక్క ఏళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో స్టూలు మీద కూర్చుని అద్దాలు సానబెడతాను. పరుగంటే మోకాళ్ళు ఒప్పుకోవు. సైకిల్ తొక్కుతాను అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. తను అప్పటికప్పుడు తమ్ముడికి ఫోన్ చేసేసింది. ఇంక తప్పించుకునే దారి లేదు.

మార్చి 9, శనివారం

బండి కొన్నాం. కొన్నాం అంటే బుడ్డోడు కొనిపించాడు.

బుడ్డోడంటే నా బావమరిది. ఆరడుగుల మనిషి, ఇరవై తొమ్మిదేళ్ళు, అయినా ఇంట్లో అందరికీ బుడ్డోడే. లిఫ్టులు రిపేరు చేస్తాడు. ఆదివారమొస్తే మౌంటెన్ బైక్ వేసుకుని కొండల్లో మట్టి దారులు పట్టుకుని పోతాడు. అక్కడ ఏముందిరా అని మా అత్తయ్య అడిగితే, లిఫ్టు లేదమ్మా అంటాడు.

షాపులో నాకు ముందు నచ్చింది ఎర్ర బండి. ముందూ వెనకా స్ప్రింగులు. బుడ్డోడు దాన్ని ఒక్కసారి నేలకేసి నొక్కి వదిలేశాడు. ఈ ధరకి రెండు సస్పెన్షన్లంటే రెండూ ఉత్తుత్తివే బావా, ముందొకటే ఉన్నా మంచిది తీసుకో అన్నాడు. తర్వాత నన్ను ఒక్కో బండి మీదికి ఎక్కించి, దించి, కాళ్ళ మధ్య ఖాళీ ఎంతుందో చూసి, చేతులు చాపమని, వంగమని, బట్టలు కుట్టేవాడు కొలతలు తీసినట్టు తీశాడు. చివరికి మీడియం సైజు అన్నాడు. ముందు ఒకే పళ్ళ చక్రం, వెనక పది గేర్లు, డిస్క్ బ్రేకులు.

మెకానిక్ ఒక ఆవిడ. జుట్టు నెరిసింది, గోళ్ళ సందుల్లో నలుపు. నెల తొక్కాక తీసుకురండి, కొత్తలో అన్నీ కాస్త వదులవుతాయి అంది. చక్రం మధ్యలో స్టీలు రేకు చూపించి, దీన్ని వేలితో కూడా తాకొద్దు, జిడ్డంటితే బ్రేకు పట్టదు అంది. సరే అన్నాను. అప్పుడు నా కళ్ళు హెల్మెట్ల మీద ఉన్నాయి. నీలమా, పసుపా అని.

మార్చి 10, ఆదివారం

ఖాళీ పార్కింగులో బ్రేకులు అరగదీశాం. కాస్త స్పీడందుకోవడం, మెల్లగా నొక్కడం, మళ్ళీ. ఇరవై సార్లు. కొత్త బ్రేకు అలా చేస్తేనే పట్టు దొరుకుతుందట. పన్నెండోసారి ముందు బ్రేకు గట్టిగా నొక్కేసి హ్యాండిల్ మీదుగా దిగాను. బుడ్డోడు నన్ను లేపి, బాగా దిగావు బావా, ఇంకోసారి బండితో కలిసి దిగు అన్నాడు.

మార్చి 12, మంగళవారం

కూర్చోలేకపోతున్నాను. స్టూలు మీద దిండు వేసుకున్నాను. షాపు యజమాని చూసీ చూడనట్టు పోయాడు.

మార్చి 17, ఆదివారం

మొదటి మట్టి దారి. బయల్దేరే ముందు బుడ్డోడు టైర్లలో గాలి తీసేశాడు. రోడ్డు మీద తొక్కినట్టు గట్టిగా ఉంటే రాళ్ళ మీద ఎగిరిపోతావు, వేలితో నొక్కితే కాస్త లొంగాలి అన్నాడు. ఎక్కేటప్పుడు సగం దూరం బండిని నేను మోశాను. దిగేటప్పుడు అది నన్ను మోసింది.

పాత రాతి క్వారీ పక్కనుంచి దిగే దారి అది. చెవుల్లో గాలి. నేను అరిచానట. నాకు తెలీదు.

మార్చి 24, ఆదివారం

ఏ రాయిని తప్పించాలని చూస్తానో దాన్నే గుద్దుతున్నాను. బుడ్డోడు ఆపి చెప్పాడు. రాయిని చూడకు బావా, దారిని చూడు, కళ్ళెటుంటే బండి అటే పోతుంది అన్నాడు. ఇరవై ఏళ్ళుగా జనం చూపు సరిచేస్తున్నాను. నాకీ మాట ఎవరూ చెప్పలేదు.

క్వారీ కొండ పైనుంచి ఇంకో దారుంది. నిటారుగా దిగుతుంది. దాని అంచున నిలబడి కిందికి చూశాను, బండిని రెండడుగులు వెనక్కి లాక్కున్నాను. నా బండి దీనికి పనికి రాదేమో అన్నాను. భయం నాదని చెప్పలేక బండి మీదికి నెట్టాను. వచ్చే వారం చూద్దాంలే అన్నాడు బుడ్డోడు.

మార్చి 30, శనివారం, సాయంత్రం 6

ఈరోజు మొదటిసారి ఎవరి సాయం లేకుండా బండి పని చేశాను. బాల్కనీలో తిరగేసి పెట్టాను. చెయిన్‌కి పట్టిన మట్టి పాత పళ్ళ బ్రష్‌తో గీకాను. తలుపు కీళ్ళకి కొట్టే స్ప్రే డబ్బా ఇంట్లో ఉంటే, పెడల్ తిప్పుతూ చెయిన్ పొడుగునా కొట్టాను. అద్దంలా మెరిసింది. వెనక బ్రేకు వారం నుంచి కీచుమని మోత. దానికీ కొట్టాను. ఎందుకైనా మంచిదని ముందుదానికీ. చక్రం తిప్పి బ్రేకు పట్టి చూశాను. మోత ఆగిపోయింది.

మా ఆవిడ వచ్చి చూసి, వంటింటి తలుపు కూడా మోగుతోంది, ఆ చేత్తోనే అటు రండి అంది. చాలా రోజులకి ఇద్దరం నవ్వుకున్నాం.

మార్చి 31, ఆదివారం

బుడ్డోడు పడ్డాడు. నా బండి మీద.

ఏప్రిల్ 1, సోమవారం, మధ్యాహ్నం 2, ఐసీయూ బయట

రాస్తే చేతులు ఊరుకుంటాయని రాస్తున్నాను.

నిన్న పొద్దున కొండెక్కాం. అంతా ఎక్కుడే, బ్రేకు ముట్టుకునే పనే పడలేదు. పైకి వెళ్ళాక బుడ్డోడు, బండి పనికొస్తుందో రాదో అని కదా నీ డౌటు, నీ బండి మీదే ఆ నిటారు దారి దిగి చూపిస్తా, నువ్వు నా బండి తీసుకుని చుట్టు దారిన రా అన్నాడు. నా బండి తనకి చిన్నది. మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతున్నాయి. సర్కస్ ఎలుగుబంటిలా ఉన్నావురా అన్నాను. ఇప్పటికి అదే నేను వాడితో అన్న ఆఖరి మాట. అవునవును అని తలాడించి దిగిపోయాడు.

అంచున నిలబడి చూశాను. మొదటి వంపు దాకా బాగానే పోయాడు. తర్వాత వేగం పెరిగింది. కావాలనే పోతున్నాడనుకున్నాను. రెండో వంపు దగ్గర తిరగలేదు. నేరుగా రాళ్ళ మీదికి వెళ్ళిపోయాడు.

హెల్మెట్ రెండు ముక్కలయింది. ఇంకా కళ్ళు తెరవలేదు.

ఇది మా ఆవిడ పనిచేసే ఆసుపత్రే. సెలవు పెట్టమంటే పెట్టలేదు. ల్యాబ్‌లో ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే. పొద్దున ఒక నంబరు చూసి తమ్ముడిదని గుర్తుపట్టి, ఆ ట్యూబుని కాసేపు అరచేతిలో పట్టుకుని కూర్చుందట. ఇంకా వెచ్చగానే ఉంది అని చెప్పింది.

ఏప్రిల్ 4, గురువారం

పొద్దున తొమ్మిది దాటాక పోయాడు.

ఏప్రిల్ 9, మంగళవారం

ఇల్లంతా జనం. అందరి నోటా ఒకటే మాట, వేగం. చిన్నప్పుడు గోడల మీద పరిగెత్తేవాడని ఒకరు, వాడికి ప్రాణమంటే లెక్కలేదని ఇంకొకరు. పోలీసు కాగితంలో కూడా అదే రాశారు, అతివేగం వల్ల అదుపు తప్పి అని. సాక్షిగా నేను సంతకం పెట్టాను.

కానీ ఆ రోజు కిందికి దిగినప్పుడు ఒకటి చూశాను. మట్టి మీద టైరు జారిన గుర్తు లేదు. వంపు దగ్గర వాడు బ్రేకు నొక్కి వెనక చక్రాన్ని ఈడుస్తాడు, ఎప్పుడూ ఒక గీత పడుతుంది. ఆ రోజు గీత లేదు. దాని గురించి ఆలోచించడం నాకిష్టం లేదు.

ఏప్రిల్ 10, బుధవారం

ఆలోచించాను. బండి బాల్కనీలోనే ఉంది. షాపులో అద్దాల మీద గీతలు వెతికే భూతద్దం జేబులో వేసుకొచ్చి, కూర్చుని డిస్కులు చూశాను.

స్టీలు మీద రంగులున్నాయి. ఊదా, ఆకుపచ్చ, సన్నగా. మెరుపు పడకుండా అద్దం మీద వేసే పూత ఇలాగే కనిపిస్తుంది. రోజుకి నలభై సార్లు చూస్తాను ఆ రంగులు. పలచటి పొర ఉంటేనే వస్తాయి.

నూనె పొర.

ఏప్రిల్ 13, శనివారం

సైకిల్ షాపుకి తీసుకెళ్ళాను. విషయం ముందు చెప్పలేదు, బ్రేకులు చూడండి అన్నానంతే. మెకానిక్ ఆవిడ ప్యాడ్లు ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏం కొట్టారు అని అడిగింది. చెప్పాను. రెండిటికీనా అంది. రెండిటికీ అన్నాను. ఎవరు తొక్కారు అని అడిగింది. బుడ్డోడు పోయిన సంగతి ఆవిడకప్పటికే తెలుసు, నా బండి మీదని తెలీదు.

ప్యాడ్లు చేతిలో అటూ ఇటూ తిప్పింది. మీట గట్టిగానే ఉంటుంది, నొక్కితే మామూలుగానే అనిపిస్తుంది, మనిషెక్కి తొక్కుతూ నొక్కేదాకా బయటపడదు అంది. ఆ రోజు నేను ఇంకోసారి చెప్పి ఉండాల్సింది అంది. మీరు చెప్పారు, విననిది నేను అన్నాను. ఎవరికి చెప్పుకుంటారో మీ ఇష్టం, నన్నెవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పను అంది.

బండి అక్కడే వదిలేసి నడిచొచ్చాను. కొండెక్కేటప్పుడు ఒక్కసారైనా బ్రేకు నొక్కి ఉంటే తెలిసేది. ఆ నిటారు దారంటే నాకు భయమని ఉన్నమాట చెప్పి ఉంటే వాడు నా బండి అడిగేవాడే కాదు.

ఏప్రిల్ 20, శనివారం

మా ఆవిడకి చెప్పాను. వంటింట్లో నిలబడి చెప్పాను. తను సింకు దగ్గర చేతులు కడుక్కుంటోంది. విన్నాక కూడా కడుక్కుంటూనే ఉంది, డ్యూటీ నుంచి వస్తే కడిగినట్టు, మోచేతుల దాకా. కొళాయి కట్టేసి ఒకటే అంది. అమ్మకి చెప్పకండి, ఆవిడ ఇంకా బతకాలి అంది.

తిట్టలేదు. తిడితే బాగుండేది. అన్నం పెట్టింది, తను తినలేదు.

ఏప్రిల్ 27, శనివారం

నాతో అవసరమున్న మాటలే మాట్లాడుతోంది. గ్యాస్ అయిపోయింది. గొళ్ళెం పెట్టండి.

మే 5, ఆదివారం

అత్తయ్యని చూడడానికి వెళ్ళాం. ఆవిడ మనిషి సగమయిపోయింది. ఎవరొచ్చినా ఒకటే చెబుతోంది. తప్పు నాదే, తండ్రి లేని పిల్లాడని ఏనాడూ బెదిరించలేదు, చీకట్లోకి పంపాను, చెట్లెక్కనిచ్చాను, వాడికి భయం నేర్పలేదు, నేర్పి ఉంటే ఆ వంపు దగ్గర ఆగేవాడు. పక్కింటావిడకి చెప్పింది, గ్యాస్ బండ తెచ్చినతనికి చెప్పింది, మేం వెళ్ళాక మాకు చెప్పింది. చెబుతూ ఎడమ చేత్తో కుడి చేతిని గిల్లుకుంటోంది. మణికట్టు నుంచి పైదాకా నల్లటి మచ్చలు.

మా ఆవిడ నా వైపు చూసింది. వద్దు అని.

మే 12, ఆదివారం

ఒక్కడినే వెళ్ళి చెప్పాను.

అత్తయ్య నేల మీద కూర్చుని బుడ్డోడి యూనిఫారం చొక్కాలు మడతపెడుతోంది, కంపెనీకి తిరిగివ్వాలని. రా బాబూ అంది. నేను కూడా నేల మీదే కూర్చున్నాను. స్ప్రే దగ్గర్నుంచి మొదలుపెట్టి, వరసగా, ఏదీ దాచకుండా చెప్పాను. వేగం వాడిది కాదు, తప్పు మీది కాదు అన్నాను. ఈ ముక్క చెప్పడానికే కదా వచ్చాను. ఆవిడ గిల్లుకోవడం ఆపితే చాలనుకున్నాను.

ఆపింది. చేతిలో చొక్కా అలాగే ఉంది. అయితే వాడు బ్రేకు నొక్కాడన్నమాట అంది.

నొక్కాడు అన్నాను.

బ్రేకు పట్టలేదు అంది.

పట్టలేదు అన్నాను.

ఇన్నాళ్ళూ వాడు భయం తెలీకుండా పోయాడనుకున్నాను, అదొక్కటే నాకు మిగిలింది, నవ్వుకుంటూ పోయుంటాడని అంది. గొంతు పెంచలేదు. మిగిలిన చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టింది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఇంక వెళ్ళు అంది. ఈసారి బాబూ అనలేదు.

మే 14, మంగళవారం

ఆవిడ కోసం చెప్పారా, మీ కోసం చెప్పారా అని మా ఆవిడ అడిగింది.

మే 15, బుధవారం

మా ఆవిడ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. ఎన్నాళ్ళకని చెప్పలేదు. సూట్‌కేసు పెద్దదే తీసుకెళ్ళింది. ఇవాళ ఒకరి అద్దం తప్పుగా కోశాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

జూన్ 4, మంగళవారం, ఉదయం 10:20

అత్తయ్య ఫోన్ చేసింది. ఎంతసేపు నొక్కి ఉంటాడు అని అడిగింది. రెండు వంపుల మధ్య దూరం, వేగం నేను చాలాసార్లు లెక్క కట్టుకున్నాను. నాలుగు సెకన్లు ఉంటుంది అన్నాను.

అటునుంచి ఆవిడ మెల్లగా లెక్కపెట్టడం వినిపించింది. నాలుగు దగ్గర ఆగలేదు.