పాప తన చేత్తో తిన్నది

అక్కా,

నువ్వు వెళ్లిపోయి ఈ రోజుకి ఏడాది. నువ్వు చూడని నా కూతురికి తొమ్మిదో నెల.

నువ్వు పోయాక అమ్మకి ప్రతిదానికీ భయమే. పాపని చంక దించదు, నేల మీద పాకనివ్వదు. "పిల్లల్ని వాళ్ల చేత్తో తిననివ్వండి" అని అంగన్‌వాడీలో తల్లులతో పోరాడేదానివి. ఇంట్లో అమ్మని చూస్తే ఏమనేదానివో.

పొద్దున మీ మరిది పరవాడ కంపెనీ బస్సెక్కి వెళ్లాక, పాపను చాప మీద కూర్చోబెట్టి మెత్తని ఇడ్లీ ముక్కలు పళ్లెంలో పెట్టాను. అమ్మ పరుగున వచ్చింది.

"ఏటే ఇది, గొంతుకి అడ్డం పడిపోద్ది."

"నేను పక్కనే ఉన్నాను కదా. సూడమ్మా."

పాప ఒక ముక్క ముక్కుకి పూసుకుంది, ఇంకోటి నోట్లో పెట్టుకుంది. అమ్మ తినిపిద్దామని చెయ్యి చాపితే ఆ చేతిని తోసేసింది. అమ్మ పకపకా నవ్వేసింది.

"పెద్దదీ ఇలాగే నా సెయ్యి తోసేసేది" అంది.

నీ గురించి అమ్మ ఏడవకుండా మాట్లాడింది ఇవాళే.

సాయంత్రం తనే పాపను కిందకి దించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాప గుమ్మం దాకా పాకింది. అమ్మ లేవలేదు.

నీ చెల్లి