బ్యానర్ కోసం పిండి ఆగింది

జూన్ 3
జాయింట్ ఆఫీసులో నన్ను కోఆర్డినేటర్‌ని చేశారు. పిండి పంచే సంస్థకీ, విత్తనాలు పంచే సంస్థకీ మధ్య నలగడమే ఉద్యోగం. ప్లాన్ మాత్రం బంగారం. ముందు ఊళ్ళకి పిండి వెళ్ళాలి, కడుపులు నిండాలి, ఆ తర్వాతే విత్తనం. ఆకలితో మాడేవాడి చేతికి మొక్కజొన్న గింజలిస్తే చల్లుతాడా, తింటాడా? పైగా వాటికి పురుగు పట్టకుండా గులాబీ రంగు మందు కలిపి ఉంటుంది. మొదటి విడతలోనే అక్క వాళ్ళ ఊరు ఉంది.

జూన్ 9
పిండి లారీలు గేటు దాటలేదు. బ్యానర్ మీద ఎవరి లోగో పైన ఉండాలో తేలలేదట. పెద్ద సంస్థ మాదే అంటాడు పిండి బాసు. ఐడియా మాది అంటుంది విత్తనాల మేడమ్. రెండూ పక్కపక్కన పెట్టండి మహాప్రభో అన్నాను. ఎవరు ఎడమ, ఎవరు కుడి అని మొదలుపెట్టారు.

జూన్ 10
ఎడమా కుడా తేలలేదు.

జూన్ 14
మేడమ్ ఆగలేదు. వాన ముంచుకొస్తోంది, వాళ్ళ కోసం మేమెందుకు కూర్చోవాలి అని విత్తనాలు పంచేసింది. అక్క వాళ్ళ ఊరి పొలం గట్టున లాంచింగ్. ఫొటో అనేసరికి పిండి బాసు కూడా ఊడిపడ్డాడు. ఇద్దరూ చెరో గుప్పెడు గింజలు చల్లి, చేతులు దులుపుకుని జీపెక్కారు. పిండి గోడౌన్‌లోనే ఉంది. అందరి ముందూ గొంతు చించుకుని అరిచాను. కాస్త ప్రొఫెషనల్‌గా ఉండమ్మా అన్నాడాయన. ప్రొఫెషనల్‌ట!
గింజలు తినొద్దే, మందుంది అని అక్కకి చెప్పాను. తెలుసులేవే, బాగా కడుగుతాం అంది. పొయ్యి వెలిగి ఎన్నాళ్ళయిందో నీకేం తెలుసు అని కూడా అంది.

జూన్ 17, మధ్యాహ్నం
హాస్పిటల్ వరండా. అక్క కూతురికి సెలైన్ ఎక్కుతోంది. మంచాలు చాలక ఊరి పిల్లల్ని నేల మీద పడుకోబెట్టారు. వాంతులు గింజల రంగులోనే, గులాబీగా. అక్క నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మీ ఆఫీసులో ఎవరికీ పిల్లలు లేరా అని మాత్రం అడిగింది.

జూన్ 21
పిల్ల లేచి కూర్చుని నీళ్ళడిగింది. బతికింది.
పిండి ఇవాళ ఊరికి చేరింది. చేతులు కాలాక ఆకులు. బ్యానర్ లేకుండానే లారీలు కదిలాయి, అంటే కదులుతాయన్నమాట! ఇప్పుడు చల్లడానికి ఒక్క ఇంట్లోనూ గింజ లేదు.
మీటింగ్‌లో బాసూ మేడమూ మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. తప్పు ఊరివాళ్ళదట, అవగాహన లేదట. వాళ్ళ నోళ్ళు పడిపోను! కుర్చీ తన్ని బయటికొచ్చేశాను. ఉద్యోగం ఉందో ఊడిందో తెలియదు, అడగను కూడా.

జులై 2
వానలు పడ్డాయి. పొలాలన్నీ ఉత్త మట్టి. గట్టు పక్కన, ఫొటో కోసం వాళ్ళిద్దరూ చల్లిన చోట మాత్రం పచ్చగా మొలిచింది.
బ్యానర్ నిన్న ఊరికి వచ్చిందట. మేకలు రాకుండా అక్క దాన్ని ఆ మొలకల చుట్టూ కట్టింది. తలకిందులుగా.
నేను సరిచేయలేదు.