గొల్లకావడికి అడ్డొచ్చిన బల్బు

శుక్రవారం రాత్రి, ఫిబ్రవరి 1984

ఆకాశంలో గొల్లకావడి మూడు చుక్కల కిందున్న నెబ్యులా ఈ రోజు మా పెరట్లో, అరవై వాట్ల బల్బు చేతిలో హతమైంది. రీల్లో మిగిలిన చివరి ఫోటో అది. వీధి దీపానికి గోనెసంచి కట్టి గెలిచాను గానీ, అమ్మను మరిచాను. కెమెరా షట్టర్ తెరిచి ఉండగానే వచ్చి పెరటి లైటు వేసింది.

"అమ్మా, జర బంద్ చెయ్యే!"

"శుక్రారం పూట ఇల్లు చీకటి పెడితే లచ్చిమి నిలుస్తదారా? రేపట్నుంచి దుకాణంల కూసునేటోనివి!"

అవును, రేపటి నుంచి కేసముద్రంలో బాపు పత్తి దుకాణం, మకాం కూడా అక్కడే. నా బీయస్సీ ఫిజిక్స్ ఇక తక్కెడకు అంకితం. ఈ పెరట్లో, ఈ ఆకాశం కింద మళ్లీ ఎప్పుడు నిలబడతానో...

లోపలి నుంచి బాపు అడిగాడు: "పొద్దుగాల బస్సుకు లేస్తవా?"

"లేస్తా బాపూ."

ఎప్పటిలా ఆ జవాబుకు ఒక జోకు అతికించాలని చూశాను. ఒక్కటీ రాలేదు.