లంగరు చిక్కిన చోటు

తమ్ముడూ మల్లేశూ,

నువ్వు మునిగిపోయి నేటికి ఏడాది. లక్షద్వీప్ పగడపు దిబ్బల దగ్గర వారం రోజులు నువ్వు పనిచేసిన పడవలోనే ఉండి సముద్రం అడుగున ఈతలు కొట్టిన దొరలు, నిన్న ఇక్కడ ముంబైలో, దాదర్‌లో, అప్పుడు తీసిన ఫొటోలు తెర మీద చూపించారు. కామాఠిపురాలో మన ఇంటి నుంచి అమ్మను తీసుకెళ్లాను. తెర మీది చేపలకు అందరూ చప్పట్లు కొట్టారు. నీ పేరు ఒక్క నోటా రాలేదు. నీళ్లలో ఊపిరి పీల్చుకోవడానికి వాళ్లు వీపున కట్టుకునే సిలిండర్లన్నిటికీ గాలి నింపింది నువ్వు. దిబ్బలో చిక్కిన లంగరు విడిపించడానికి నిన్ను మాత్రం సిలిండర్ లేకుండా ఒట్టి ఊపిరితో దింపారు! ఇదేం న్యాయమని నిలదీయడానికి లేచాను. అమ్మ నా చొక్కా పట్టి లాగింది.

"కూసో బిడ్డా. నీ భాషణ్ మన చాల్ ఇండ్లల్ల రోజూ ఉన్నదే. వాడున్న నీళ్లు సూడనీ."

కూర్చున్నాను. తెరంతా నీలం.

"అంత లోపట సలి పెడ్తదారా?"

నాకేం తెలుసు మల్లేశూ? "పెట్టదమ్మా" అని గట్టిగా చెప్పాను.